బల్లకు దూరంగా అత్తయ్య

పోయిన డిసెంబరులో ఒక మధ్యాహ్నం మా లంక సంఘం పాస్టరు గారు ఏలూరులో మా ఇంటికి వచ్చి, ప్లాస్టిక్ సంచిలోంచి మూడు పాత పుస్తకాలు తీసి టీపాయి మీద పెట్టారు. ఒకటి బాప్తిస్మాల పుస్తకం, ఒకటి సమాధుల పుస్తకం, మూడోది మినిట్స్ పుస్తకం. కొల్లేటి తేమకు మూడింటి అట్టలూ ఉబ్బి ఉన్నాయి. కొత్త మందిరం ప్రతిష్ఠ నాటికి సంఘ చరిత్ర అచ్చు వేయాలనీ, అది నేను రాయాలనీ ఆయన కోరిక. "మీరు సైన్సు చెప్పినోరు కదండీ, ఉన్నది ఉన్నట్టు రాస్తారని పెద్దలందరూ మీ పేరే చెప్పారండి" అన్నారు. ముప్పై నాలుగేళ్ళు కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పిన మనిషిని పొగడదలచినవారు అనే మాటే అది. ఆ మనిషి నిజంగా ఉన్నది ఉన్నట్టు రాస్తే ఏమవుతుందో వారు అప్పటికి ఆలోచించి ఉండరు. నేనూ ఆలోచించలేదు.

ముందుగా, రూఢి అయినవాటిని విన్నవాటి నుంచి వేరు చేశాను. రూఢి ఇది: పెదపాడు వైపు గట్టు నుంచి దోనె మీద వచ్చిన ఒక ఉపదేశి మా లంకలో తాటాకు పాక వేసి సంఘం మొదలుపెట్టాడు. మొదటి బాప్తిస్మాలు మూడు కుటుంబాలవి. అందులో మా తాతయ్యది ఒకటి. విన్నది ఇది: ఆ బాప్తిస్మాల వేళ వందల గూడబాతులు వచ్చి నీటి చుట్టూ వలయంగా నిలబడ్డాయి. ఈ మాట నేను కనీసం నలుగురు ముసలివాళ్ళ నోట విన్నాను, నలుగురూ తాము చూసినట్టే చెప్పారు. పుస్తకంలో నెల చూస్తే మే. గూడబాతులు మాకు చలికాలపు చుట్టాలు, ఎండలు ముదిరేసరికి వెళ్ళిపోతాయి. పైగా మే నెలలో మా లంక దగ్గర నీరు మోకాటి లోతు కూడా ఉండదు కనుక, నిలువునా ముంచడం కుదరక తాతయ్యను పడుకోబెట్టి ముంచి ఉంటారు. ఈ సంగతి పాస్టరు గారితో ఫోనులో చెబితే ఆయన చాలాసేపు నవ్వి, "పక్షుల్ని తీసేయండి గానీ, తాతగారిని పడుకోబెట్టడం వద్దులెండి, మీ వాళ్ళే నొచ్చుకుంటారు" అన్నారు. అక్కడి వరకు పని హాయిగానే సాగింది.

మినిట్స్ పుస్తకం సగానికి వచ్చాక ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. చేతిరాత మా నాన్నది. నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టారు, సంఘ పెద్ద, కార్యదర్శి. ఆయన సున్నాలు చుట్టే తీరు నేను ఎక్కడ ఉన్నా గుర్తుపడతాను. సహోదరి ఫలానా, తన తప్పు ఒప్పుకొని పశ్చాత్తాపపడు వరకు, ప్రభువు బల్లకు దూరముగా నుంచుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది. ఆ ఫలానా సహోదరి మా నాన్నకు సొంత చెల్లెలు, నాకు మేనత్త. ప్రభురాత్రి భోజన సంస్కారాన్ని మా వైపు బల్ల అంటారు. రొట్టెకూ ద్రాక్షారసానికీ పిలుపు వచ్చినప్పుడు సంఘమంతా లేచి ముందుకు వెళుతుంటే లేవకుండా కూర్చోవలసినవారిని బల్లకు దూరమైనవారంటారు. యాభై ఏళ్ళకు పైగా మా అత్తయ్య గుమ్మం పక్కన ఆఖరి చాప మీద అలా కూర్చుంది. మానకుండా ప్రతి ఆదివారం వచ్చి మరీ కూర్చుంది. తర్వాతి తరం పిల్లలకు కారణం తెలియదు. ఆవిడకు షుగరు ఉంది కాబట్టి ద్రాక్షరసం తాగదని వాళ్ళలో వాళ్ళు తేల్చుకున్నారు.

జరిగింది నాకు తొమ్మిదో ఏట. అందులో నేను కళ్ళారా చూసినది కొంతే. అప్పట్లో అత్తయ్యకు ఇరవై ఆరేళ్ళు. సంఘంలో ఆడవాళ్ళకు ఇసుకలో అక్షరాలు దిద్దబెట్టి చదువు చెప్పే బైబిలమ్మ ఆవిడే. సంస్కారానికి రసం కాచే పని కూడా ఆవిడదే. శనివారం ఎండు ద్రాక్ష నానబెట్టి, మరిగించి, గుడ్డలో పిండి, నిమ్మకాయ పిండి, ఇత్తడి గిన్నెలో పోసి మందిరంలో ఉంచేవారు. ఆ గిన్నెను మేము దేవుడి గిన్నె అనేవాళ్ళం. మిగతా రోజుల్లో అది మా ఇంట్లో, నాన్న అధీనంలో, తెల్లగుడ్డ చుట్టి బీరువాలో ఉండేది. దానికి లోపల తగరపు పూత, అదే కళాయి, వేయించే బాధ్యతా నాన్నదే. మా సంఘానికి రెండు పట్టింపులు ఉండేవి. బల్ల ఆదివారం అందరూ పరగడుపున రావాలి. రసం గుక్కెడు కాక అరగ్లాసు తాగాలి, ఎందుకంటే భోజనం అన్నాక భోజనంలా ఉండాలని మొదటి ఉపదేశి చెప్పాడట. ఆ సంవత్సరం ఈస్టరుకు ముందు వచ్చిన మట్టల ఆదివారం నాడు, ఆరాధన ముగిసి బయటికి వస్తూనే పెద్దవాళ్ళు ఒక్కొక్కరుగా గట్టు మీద కూలబడి వాంతులు చేసుకోవడం నేను చూశాను. అమ్మ చేసుకుంది, నాన్న చేసుకున్నాడు, అత్తయ్య కూడా చేసుకుంది. పిల్లలం బల్ల తీసుకోము కనుక మాకేమీ కాలేదు. ఖాళీ చెంబులు పట్టుకుని నీళ్ళకు అటూ ఇటూ పరుగెత్తాం. ముగ్గురు చనిపోయారని ఇప్పటికీ కొందరు చెబుతారు. సమాధుల పుస్తకంలో ఆ నెలలో ఒక్క పేరూ లేదు.

అప్పటి పాస్టరును అయ్యగారు అనేవాళ్ళం. ఆయన మంచివారు. ఈ మాట మొహమాటానికి రాయడం లేదు. వరదల్లో ఇల్లిల్లూ తిరిగి గంజి పోయించిన మనిషి. కానీ ఆ మరుసటి ఆదివారం ఆయన ప్రసంగపీఠం మీద నిలబడి, అయోగ్యంగా బల్ల తీసుకున్నచోట జబ్బులు పుడతాయన్న లేఖనం చదివి, పుస్తకం మూసి, "మనలో ఎవరు?" అని అడిగారు. అంతే. ఆ ప్రశ్నకు సంఘం మూడు రోజుల్లో జవాబు కనిపెట్టింది. మట్టల ఆదివారానికి కొద్ది రోజుల ముందు కొల్లేటి మధ్య లంకలో అమ్మవారి తీర్థం జరిగింది. మా అత్తయ్య ఒక స్నేహితురాలితో దోనె ఎక్కి ఆ తీర్థానికి వెళ్ళింది. పెద్దల కూటంలో ఆవిడను నిలబెట్టి అడిగిన సంభాషణ మా అమ్మ ఎన్నోసార్లు చెప్పగా విన్నాను కాబట్టి దీన్ని విన్నవాటి కిందే జమకడుతున్నాను.

"తీర్థానికి వెళ్ళావామ్మా?"

"వెళ్ళానండి."

"అక్కడ ప్రసాదంగా పెట్టిన చలిమిడి తిన్నావా?"

"తిన్నానండి. బాగుంది."

ఆ 'బాగుంది' అన్న ఒక్క మాట లేకపోతే మందలించి వదిలేసేవారేమోనని అమ్మ అనేది. ఆ నోటితో, ఆ చేతులతో రసం కాచింది కనుక రసం పాడైందన్నారు. తనూ వాంతి చేసుకుంది కదా అంటే, ముద్దాయికి శిక్ష పడకుండా ఉంటుందా అన్నారు. తీర్మానం రాసినవాడు స్వయంగా అన్న.

అయ్యగారు ఏడాది తిరక్కుండా తాడేపల్లిగూడెం వైపు వెళ్ళిపోయారు. నేను ఎమ్మెస్సీ చదివే రోజుల్లో ఒకసారి గూడెంలో ఆయన్ను చూడబోయాను. చూపు తగ్గిపోయింది. నా పేరు చెప్పగానే, "మీ అత్త ఇంకా చాప మీదే కూచుంటోందామ్మా?" అని అడిగారు. అవునన్నాను. కాసేపు తువ్వాలు అంచు మడిచి విప్పి, "నేను పేరు అడగలేదమ్మా. ఎవరు అని మాత్రమే అడిగాను" అన్నారు. అప్పుడు నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఇప్పుడు, ప్రశ్న వేసేవాడికి దాని జవాబు మీద కూడా బాధ్యత ఉంటుందా అన్నది తేల్చుకోలేక, ఆ కోపాన్ని వాయిదా వేసుకున్నాను.

నన్ను ఆపేసింది తీర్మానం కాదు, దాని కింద నాన్న రాసిన మరో రెండు వాక్యాలు. మంచాన పడి మందిరానికి రాలేని ఇద్దరు వృద్ధులకు అదే ఆదివారం అయ్యగారు ఇంటికి వెళ్ళి బల్ల ఇచ్చారనీ, వారికి ఏ అస్వస్థతా కలగలేదనీ, దేవుడు యథార్థవంతులను కాపాడాడనుటకు ఇది నిదర్శనమనీ ఆ వాక్యాల సారాంశం. మంచాన ఉన్నవారి కోసం రసాన్ని శనివారమే చిన్న గాజుసీసాలో పోసి విడిగా ఉంచడం మా సంఘం ఆనవాయితీ. ఆ సీసా నాకు గుర్తుంది, బిరడా చుట్టూ దారం ఉండేది. అదే ద్రాక్ష, అదే చెయ్యి, అదే పొయ్యి. తేడా ఒక్క పాత్ర. కొన్ని వందల మంది విద్యార్థులకు నియంత్రిత ప్రయోగం అంటే ఏమిటో చెప్పిన నేను, మా సొంత సంఘం తనకు తెలియకుండా చేసి, ఫలితాన్ని తప్పుగా చదువుకున్న ప్రయోగాన్ని ఇన్నేళ్ళకు చూశాను.

కళాయి అరిగిన ఇత్తడిలో పులుపు నిలవ ఉంచకూడదని మా లంకలో తెలియని ఆడది లేదు. మా అమ్మ చారు పెట్టే ముందు గిన్నె లోపల వేలితో రాసి చూసుకునేది. ఇంటి గిన్నెలను చింతపండు, బూడిద పెట్టి మెరిసేలా తోమేవారు. దేవుడి గిన్నెను మాత్రం ఎవరూ తోమేవారు కాదు. పవిత్రమైనదానికి బూడిద తగిలించకూడదని, మంచినీళ్ళతో తొలిచి కొత్త గుడ్డతో అద్దేవారు. చీకటి బీరువాలో, తడి గుడ్డలో, ఆ గిన్నెకు చిలుము పట్టి ఉంటుందని ఒక్కరికీ తోచలేదు. తోచడమే అపచారమనుకున్నారేమో. ఏటా కోతలయ్యాక ఏలూరు నుంచి కళాయి వేసే సాయిబు గారు దోనె మీద వచ్చేవారు. ఆ ఏడు కాలువంతా గుర్రపుడెక్క పేరుకుపోయి దోనెలు నడవలేదు, ఆయన రాలేదు. ఇది నాకు స్వయంగా గుర్తుంది, ఎందుకంటే కళాయి వేసేటప్పుడు లేచే నవసాగరం పొగ కోసం పిల్లలం ఎదురుచూసేవాళ్ళం.

ఊహ రుజువు కాదు కనుక, కళాయి పోయిన పాత ఇత్తడి గిన్నె ఒకటి ఏలూరు పాత సామాన్ల కొట్టులో కొన్నాను. అత్తయ్య పద్ధతిలోనే ద్రాక్ష మరిగించి, నిమ్మకాయ పిండి, శనివారం సాయంత్రం నుంచి ఆదివారం ఉదయం వరకు ఉంచాను. మా పాత కాలేజీ ల్యాబుకు తీసుకెళ్ళి, వడకట్టి రంగు తీసి అమోనియా కలిపితే, పరీక్షనాళికలో నీలం తిరిగింది. రాగి ఉంది. గాజుసీసాలో ఉంచిన రసంలో రంగు మారలేదు. పరగడుపున అరగ్లాసు తాగితే కడుపు తిప్పడానికి రాగి ఒక్కటి చాలు. అయితే నా ప్రయోగం చెప్పేది అలా జరగవచ్చునని, అలాగే జరిగిందని కాదు. అసలు గిన్నె ఇప్పుడు లేదు. కొత్త పాత్రలు వచ్చినప్పుడు దాన్ని ఎవరో మార్చేశారు. ఈ తేడాను పెద్దల కూటంలో కూడా దాచలేదు.

కూటం మందిరం పక్కన రేకుల షెడ్డులో జరిగింది. బయట చేపల చెరువుల మీద ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు. నేను కోరింది ఒక్కటే: అత్తయ్య పేరు సంఘానికి మొదటి బైబిలమ్మగా చరిత్రలో ఉండాలి, ఒప్పుకోలు అడక్కుండా ఆవిడ్ని బల్లకు పిలవాలి. ఎనభై రెండేళ్ళ మనిషికి ఎన్ని బల్లలు మిగిలి ఉంటాయి? రాసింది చదివి వినిపించాను. అందులో గిన్నె బాధ్యత మా నాన్నదన్న వాక్యం ఉంది. అది వినగానే నాకు చిన్నాన్న వరస అయ్యే పెద్దాయన, అప్పటి కూటంలో ఉన్నవారిలో మిగిలిన ఒకే ఒక్కరు, చేతికర్ర నేలకు కొట్టారు.

"అత్తను కడగడానికి కన్నతండ్రిని మురికి చేస్తావుటే? చదువుకున్నదానివి!"

"నేను ఎవర్నీ కడగడం లేదు చిన్నాన్నా. గిన్నె సంగతి చెబుతున్నాను."

"గిన్నెకేం? మీ నాన్న నిర్లక్ష్యం చేసే మనిషా? సాయిబు రాకపోతే ఆయనే గుడ్డలో కట్టుకుని ఏలూరు మోసుకెళ్ళి కళాయి వేయించుకొచ్చాడు! నేనే డెక్క కోసుకుంటూ దోనె వేశాను, నన్నడుగు!"

"ఎప్పుడు?"

"అదే, ఆ గొడవ రోజుల్లోనే."

"తీర్మానానికి ముందా, తర్వాతా?"

తన అన్నను కాపాడబోయి ఎక్కడికి వచ్చారో చిన్నాన్నకు తెలిసింది. ఆయన కర్ర పట్టుకుని, బాగా తగ్గిన గొంతుతో, "అదెలా గుర్తుంటుందే, యాభై ఏళ్ళ నాటిది" అన్నారు. అబద్ధం చెబుతున్నారని నేను అనుకోవడం లేదు. నిజం చెబుతున్నారనడానికీ ఆధారం లేదు.

పాత తీర్మానం రద్దయింది. కొత్త తీర్మానం పాస్టరు గారు రాశారు. దాన్ని అత్తయ్యకు వినిపించడానికి ఇద్దరం ఆవిడ ఇంటికి వెళ్ళాం. వరండాలో పీట మీద కూర్చుని గోంగూర ఆకు దూస్తోంది. పాస్టరు గారు చదివారు: సంఘము సహోదరిని క్షమించి, ప్రేమతో బల్లకు ఆహ్వానించుచున్నది.

"క్షమించి అన్నది ఎందుకండీ?" అంది అత్తయ్య, ఆకు దూయడం ఆపకుండా.

"మర్యాద మాటండి, అమ్మగారూ."

"మర్యాదేనండి. కానీ క్షమించారంటే చేశానని కదండీ. ఆ ఒక్కటీ ఒప్పుకోకే కదండీ ఇన్నేళ్ళూ చాప అరగదీశాను. అది కొట్టేయండి."

పాస్టరు గారు జేబులోంచి పెన్ను తీసి, పీట పక్కన గొంతుకూర్చుని, ఆ మాట కొట్టేసి పక్కన సంతకం పెట్టారు. నేను ఎందరో అధికారుల సంతకాలు చూశాను గానీ, అంత జాగ్రత్తగా పెట్టిన సంతకం చూడలేదు.

ప్రతిష్ఠ ఆదివారం నాడు అత్తయ్య కుర్చీ ఇస్తామన్నా వద్దని ఆఖరి చాప మీదే కూర్చుంది. పిలుపు వచ్చాక ఆవిడ లేవలేకపోతే, పాస్టరు గారే పళ్ళెం పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళారు. ఇప్పుడు రసం వేలెడంత ప్లాస్టిక్ కప్పుల్లో వస్తుంది. ఆవిడ ఒకటి తీసుకుని, వెలుగుకు పట్టి చూసి, సంఘమంతా వినేటట్టు, "ఏవండీ, దీన్ని ఎందులో ఉంచారండీ?" అని అడిగింది. ముందు వరసల్లో ఎవరో నవ్వారు, తర్వాత చాలామంది నవ్వారు, చిన్నాన్న మాత్రం నవ్వలేదు. "స్టీలు గిన్నెలోనండి" అన్నారు పాస్టరు గారు. అత్తయ్య తాగింది. కప్పు తిరిగి పళ్ళెంలో పెట్టింది.

ఆ సాయంత్రం అత్తయ్యను అడిగాను, నాన్న గిన్నె ఏలూరు తీసుకెళ్ళింది ఎప్పుడని. తీర్మానం రాశాక అయితే, ఆలస్యంగా గ్రహించి నోరు విప్పలేకపోయిన మనిషి ఆయన. ముందే అయితే, తెలిసి రాసిన మనిషి. నేను ఆయన కూతుర్ని కనుక నాకు ఈ రెండింటికీ తేడా చాలా పెద్దది.

"నాకేం తెలుసే? నేను అడగలేదు."

"ఎప్పుడూనా? నాన్న పోయేవరకూ?"

"అడిగితే చెప్పేసేవాడు. అన్నయ్యకి అబద్ధం రాదు. మళ్ళీ ఆదివారం అన్నయ్యతో ఒకే కప్పు కింద కూచోవద్దూ? అందుకని అడగలేదు."

ప్రతిష్ఠ దాటిన నెలకు చరిత్ర అచ్చయింది. అందులో గిన్నె ఉంది, గాజుసీసా ఉంది, నాన్న బాధ్యత ఉంది, రుజువుకూ సంభావ్యతకూ ఉన్న తేడా ఒక పేరా నిండా ఉంది. కళాయి తీర్మానానికి ముందా, తర్వాతా అన్నచోట మాత్రం 'తెలియదు' అని రాశాను. దానికి మిగిలిన రాత ఆధారమంతా నాన్న చేతిదే, ఆయన అది రాయలేదు. చూసినవారిలో మిగిలిన ఒక్కరికి గుర్తులేదు. అడగగలిగినన్నాళ్ళూ అత్తయ్య అడగకూడదని నిశ్చయించుకుంది. ఇక నేను: నాన్న పోయేనాటికి నాకు నలభై దాటాయి, ఏటా జూలైలో రాగి లవణంలో అమోనియా పోసి పిల్లలకు ఆ నీలం చూపిస్తూనే ఉన్నాను, నెలకోసారి లంకకు వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చుని అన్నం తింటూనే ఉన్నాను. ప్రశ్న ఫలానా అని నాకు తెలియడానికి పట్టిన కాలం, జవాబు చెప్పగలిగిన మనిషి బతికి ఉన్న కాలం కంటే ఎక్కువైంది.